ఇనుములో దాగిన పగులు: మీ ఉత్తరాలకు జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో ఒక చిన్న జవాబు రాశాను. ధనుర్మాసం తెల్లవారుజామునే రైలు పట్టాలు ఎక్కువగా ఎందుకు విరుగుతాయని చంద్రగిరి నుంచి ఒకాయన అడిగారు. చలికి ఇనుము కుంచించుకుపోవాలని చూస్తుంది, లోపల ముందే ఉన్న పగులు ఆ లాగుడుకు తెగిపోతుంది అని నాలుగు వాక్యాల్లో చెప్పాను. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఇంతకు ముందు ఏ జవాబుకూ రాలేదు. అందరూ అడిగింది దాదాపు ఒకటే: ముందే ఉన్న పగులును ముందే పట్టుకోలేరా?

పట్టుకోవచ్చు. నేను ముప్పై ఒక్క ఏళ్లు చేసిన పని అదే. మొదటి పద్నాలుగేళ్లు రైలు పెట్టెలు బాగుచేసే వర్క్‌షాపులో, ఆ తర్వాత పట్టాలూ గొట్టాలూ తనిఖీ చేసే ఒక చిన్న సంస్థలో. అందుకే ఈ నెల శీర్షికంతా ఈ ఒక్క సంగతికే ఇస్తున్నాను.

పాకాల నుంచి ఒక టీచరమ్మ: "మా ఇల్లు రైలుకట్ట పక్కనే. అప్పుడప్పుడు ఇద్దరు ముగ్గురు మనుషులు ఒక చిన్న చక్రాల బండిని పట్టా మీద తోసుకుంటూ, నీళ్లు కారుస్తూ, ఒక పెట్టెలోకి చూస్తూ నడుస్తారు. అది అయస్కాంతంతో పనిచేస్తుందా? వాళ్లు చూసేది ఏమిటి?"

అమ్మా, ఆ బండి అయస్కాంతంతో కాదు, శబ్దంతో పనిచేస్తుంది. మన చెవికి అందని అతిధ్వనిని పట్టాలోకి పంపి, లోపల దేనికైనా తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనిని తెర మీద గీతలుగా చూస్తారు. నీళ్లు ఎందుకంటే, శబ్దాన్ని పంపి అందుకునే ప్రోబుకూ పట్టాకూ మధ్య సన్నని గాలిపొర ఉన్నా శబ్దం లోపలికి పోదు. ఆ సందును నీళ్లు నింపుతాయి. ఒక ప్రోబు నిటారుగా కిందికి పంపుతుంది, మరికొన్ని 70 డిగ్రీల వాలులో ముందుకూ వెనక్కూ పంపుతాయి. పగులు దొరికితే పట్టా పక్కన ఎర్రరంగుతో ఇంటూ గుర్తు వేస్తారు. ఒక్క ఇంటూ ఉంటే దాని మీద కన్నేసి ఉంచాలని. మూడు ఇంటూలుంటే ఆ ముక్కను వెంటనే తీసేయాలని. తీసేదాకా రెండు పక్కలా ఇనుప బద్దలు బిగించి, రైళ్లను గంటకు 30 కిలోమీటర్లకు మించి పోనివ్వరు.

కానీ పట్టాల లోపలి పగుళ్లను వెతకడానికి నడిపిన తొలి రైలుబండి శబ్దంతో పనిచేసేది కాదు. కరెంటు, అయస్కాంతం, ఈ రెండే దాని పనిముట్లు. 1911 ఆగస్టు 25న అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని మాంచెస్టర్ అనే ఊరి దగ్గర, పట్టా విరిగి ఒక ప్రయాణికుల రైలు వంతెన మీద పట్టాలు తప్పింది. 29 మంది చనిపోయారు. విరిగిన ముక్కలు చూస్తే పట్టా తల లోపల అడ్డంగా పెరిగిన పగులు ఉంది. అలాంటిది పైనుంచి కంటికి ఆనదు, సుత్తితో కొట్టినా తెలియదు. ఓడలకు గైరో దిక్సూచి తయారుచేసి పేరు తెచ్చుకున్న ఎల్మర్ స్పెర్రీ ఆ సమస్యను పట్టుకుని, 1928లో పట్టాలను తనిఖీ చేసే బండిని తిప్పించాడు. బ్రష్‌ల గుండా పట్టాలోకి తక్కువ వోల్టేజీలో చాలా ఎక్కువ కరెంటు పంపేవాళ్లు. కరెంటు పారే చోట చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది కదా. దారిలో పగులు వస్తే కరెంటు పక్కకు తిరిగి పోతుంది, దాంతో పైన ఉన్న క్షేత్రం వంకర పోతుంది. ఆ వంకరను పట్టాకు కాస్త పైన వేలాడే తీగచుట్ట కనిపెడుతుంది. అంటే ఆ బండి పగులును చూడలేదు. పగులును తప్పించుకుని కరెంటు తిరిగిపోయిన దారిని చూసింది. ఈ నెల జవాబులన్నిటికీ ఈ మాటే ఆధారం.

ఆ తర్వాత శబ్దం వచ్చి ఆ పనిలో ఎక్కువ భాగం తీసుకుంది, అది మంచిదే. లోతు పగుళ్లకు శబ్దానికి మించినది లేదు. కాకపోతే పట్టా పైచర్మంలో, చక్రపు అంచు రాసుకునే లోపలి మూలలో, పగుళ్లు చేప పొలుసుల్లా దగ్గర దగ్గరగా పుడతాయి. అవి లోతుకు పోకుండా వాలుగా పైపైనే పాకుతాయి. శబ్దానికి ఆ మొదటి కొద్ది మిల్లీమీటర్లు సరిగా ఆనవు. పైగా ఆ పొలుసులు కింద ఉన్న అసలు పగులుకు గొడుగు పట్టినట్టు శబ్దాన్ని ఆపేస్తాయి. 2000 అక్టోబరు 17న ఇంగ్లండులోని హాట్‌ఫీల్డ్ దగ్గర అలాంటి పట్టా రైలు కింద మూడు వందలకు పైగా ముక్కలైంది. నలుగురు చనిపోయారు. అక్కడ పట్టా చెడిపోయిందని ముందే తెలుసు, మార్చడం ఆలస్యమైంది. ఇది రాసేటప్పుడు నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. పట్టుకోవడం మా చేతిలో పని, మార్చడం ఇంకొకరి చేతిలో పని. ఆ రెండు చేతుల మధ్య కాగితం ఎన్నాళ్లు తిరుగుతుందన్న దాని మీద ప్రాణాలు ఆధారపడతాయి.

హాట్‌ఫీల్డ్ తర్వాత పట్టా పైచర్మాన్ని ఎడ్డీ కరెంటు ప్రోబులతో చూడడం బాగా పెరిగింది. ఎడ్డీ కరెంటు అంటే ఏమిటో కింద అలిపిరి ప్రశ్నలో చెప్తాను. పొలుసులు ఎంత లోతుకు పోయాయో దాంతో అంచనా వేసి, అంత మేర పట్టాను సానబట్టి తీసేస్తారు. లేత పగులును లేతగా ఉండగానే చెక్కేయడం అన్నమాట.

పోయిన నెల చలికి పుట్టే లాగుడు ఎంతో లెక్క చెప్పలేదని మీరే ఇంకో మాట రాశారు, అదీ చెప్తాను. ఇప్పటి పెద్ద లైన్లలో మీటరుకు 60 కిలోలు తూగే పట్టాలు వేస్తారు. కిలోమీటర్ల పొడవునా వెల్డింగ్ చేసి ఉంటాయి కాబట్టి కుంచించుకుపోవడానికి చోటు లేదు. బిగించినప్పటి వేడి కంటే ఒక్క డిగ్రీ తగ్గితే ఒక్కో పట్టాలో దాదాపు 1.8 టన్నుల లాగుడు పుడుతుంది. ఇరవై డిగ్రీలు తగ్గితే 36 టన్నులు. లోపల అర్ధరూపాయి బిళ్లంత పగులున్న పట్టాకు ఆ తెల్లవారుజాము ఎంత కష్టమో ఆలోచించండి. అందుకే చలికాలం రాత్రుళ్లు టార్చిలైటు పట్టుకుని కట్ట వెంట గస్తీ నడిచేవాళ్లు ఉంటారు. కిటికీలోంచి వాళ్ల లైటు కనిపిస్తే మీ పిల్లలకు చూపించండి.

చిత్తూరు నుంచి ఒక పాలిటెక్నిక్ విద్యార్థి: "సార్, ఇనుపరజను పరీక్ష ల్యాబులో చూపించారు. పగులు దగ్గరే రజను ఎందుకు పోగవుతుంది? ఒకే పీసుకు రెండు దిక్కుల్లో ఎందుకు చేయాలి? ఒకసారి చాలదా?"

చాలదు నాయనా. ఎందుకు చాలదో నేను పుస్తకంలో నేర్చుకోలేదు, సిగ్గుపడి నేర్చుకున్నాను.

ముందు మొదటి ప్రశ్న. ఇనుములోకి అయస్కాంతం పెడితే బలరేఖలు దాని గుండా సాఫీగా పారతాయి, కాలువలో నీళ్లలాగా. ఇనుములో పారడం వాటికి సులువు, గాలిలో కష్టం. దారిలో పగులు ఉందంటే అక్కడ ఇనుము లేదు, సన్నని గాలి సందు ఉంది. రేఖల్లో కొన్ని పగులు కిందుగా తిరిగిపోతాయి, కొన్ని ఇనుము దాటి బయటికి ఉబికి అవతలి అంచులో దిగుతాయి. అలా ఉబికిన చోట పగులు రెండు అంచులూ చిన్న ఉత్తర దక్షిణ ధ్రువాలైపోతాయి. అక్కడ రజను చల్లితే అది పోయి అతుక్కోకుండా ఎలా ఉంటుంది? పగులు వెడల్పు వెంట్రుకలో పదో వంతు ఉండవచ్చు, మీద పోగైన రజను మాత్రం కాటుక గీతలా కనిపిస్తుంది. పని సులువు కావడానికి ముందు తెల్లరంగు పలుచగా కొట్టి, మీద నల్లరజను కలిపిన ద్రవం పోస్తాం.

దీన్ని కనిపెట్టిన తీరు మీ క్లాసులో చెప్పారో లేదో. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో విలియం హోక్ అనే ఆయన, అయస్కాంతపు పట్టులో బిగించి సానబడుతున్న ఉక్కు ముక్కల మీద పొడి ఊరికే పడకుండా గీతలు గీతలుగా నిలవడం గమనించాడు. ఆ గీతల కింద పగుళ్లున్నాయి. అంతకు ముందే, 1868లో ఇంగ్లండులో సాక్స్‌బీ అనే ఆయన తుపాకీ గొట్టాల మీద దిక్సూచి నడిపి, ముల్లు ఎక్కడ తొణికితే అక్కడ లోపం ఉందని చెప్పాడు. రజను అయినా ముల్లు అయినా కనిపెట్టింది ఇనుములోంచి బయటికి కారిన క్షేత్రాన్నే.

ఇక రెండో ప్రశ్న. పారే కాలువలో గడ్డపారను అడ్డంగా పెట్టి చూడు, నీళ్లు దాని మీద ఎత్తు లేస్తాయి. అదే గడ్డపారను నీళ్లు పారే దిక్కుకే పొడుగ్గా పెట్టు, నీళ్లకు అది ఉన్నట్టే తెలియదు. పగులూ అంతే. బలరేఖలకు అడ్డంగా ఉంటే రజను పోగవుతుంది. వాటి వెంటే ఉంటే ఒక్క రేణువు నిలవదు.

నేను పనిలో చేరిన మొదటి ఏడాది. పెట్టెకూ పెట్టెకూ మధ్య తగిలించే కొక్కేలు ఆ రోజు పద్దెనిమిది వచ్చాయి. చేతిలో రెండు కాళ్ల అయస్కాంతం. దాన్ని యోక్ అంటాం. పొద్దున్నే చేయాల్సిన పని చేశాను: ఏసీ కరెంటు మీద అది 4.5 కిలోల ఇనుప దిమ్మెను ఎత్తుతోందా లేదా అని చూడడం. ఎత్తింది. కొక్కేనికి పొడుగునా యోక్ పెట్టి, ద్రవం పోసి, చూసి, పద్దెనిమిదింటికీ "బాగుంది" అని రాశాను. మధ్యాహ్నం భోజనం కూడా పెందలాడే తిన్నాను. మా చార్జ్‌మన్ గారు అరక్కోణం వైపు నుంచి వచ్చిన పెద్దాయన, తమిళం కలిసిన తెలుగు. ఆయన వచ్చి ఏమీ అనకుండా ఏడో కొక్కేన్ని తీసి, యోక్‌ను పావు చుట్టు తిప్పి అడ్డంగా పెట్టి, "పోయి" అన్నారు. ద్రవం పోశాను. వంపు లోపలి పక్కన, మూడు వేళ్లంత పొడుగు నల్లగీత లేచింది. కొక్కెం వెంటే పారిన పగులు. నేను పొడుగునా పెట్టిన అయస్కాంతానికి అది కనిపించే దారే లేదు. ఆయన నన్ను తిట్టలేదు. గుడ్డతో తుడిచి, "మళ్లీ పద్దెనిమిదీ" అన్నారు. రాత్రి ఏడున్నర దాకా చేశాను. మిగతా పదిహేడూ నిజంగానే బాగున్నాయి. కానీ ఆ పొద్దున నేను రాసిన పదిహేడు "బాగుంది"లకు విలువ లేదు. సాయంత్రం రాసిన వాటికి ఉంది.

ఇంకో రెండు మాటలు, నోట్సులో రాసుకో. ఈ పరీక్ష అయస్కాంతానికి అంటుకునే లోహాలకే: ఇనుము, నికెల్, కోబాల్ట్, వాటి మిశ్రమాలు. రాగి, ఇత్తడి, అల్యూమినియం మీద పనిచేయదు. ఇంట్లో చాలా స్టీలు గ్లాసులకు అయస్కాంతం అంటుకోదు కదా, ఆ రకం స్టీలు మీదా పనిచేయదు. రెండోది, పరీక్ష అయ్యాక పీసులో మిగిలిన అయస్కాంతత్వాన్ని తీసేయాలి. లేకపోతే తిరిగే భాగాల్లో ఇనుపపొడిని లాక్కుని బేరింగులను తినేస్తుంది.

పీలేరు దగ్గర నుంచి ఒక రైతు: "మా బోరు తొమ్మిది వందల అడుగులు. పోయిన వేసవిలో జీఐ పైపు మర దగ్గర తెగి మోటారు లోపల పడిపోయింది. తీయించడానికి రెండు రోజులు పట్టింది, అదృష్టం బాగుండి వచ్చింది. మీరు చెప్పే అయస్కాంతంతో పైపులను దించే ముందే చూసుకోవచ్చా?"

అన్నా, మీ ఉత్తరం చదివి చాలాసేపు కూర్చున్నాను. మన జిల్లాలో ఎన్ని బోర్లలో ఎన్ని మోటార్లు ఇలా పడి ఉన్నాయో. పైపుల దుకాణంలో ఎవరూ చెప్పని సంగతి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

పైపు మధ్యలో తెగడం చాలా అరుదు. తెగేది మరలో, అదీ రెండు పైపులను కలిపే కాలరు లోపలికి దిగే చివరి చుట్టు దగ్గర. కారణాలు మూడూ ఒకే చోట కలుస్తాయి. మర కోసినప్పుడు గోడ మందం అక్కడ తగ్గిపోతుంది. తుప్పు పట్టకుండా పూసిన జింకు పొర అక్కడే కోసుకుపోతుంది. మోటారు ఆన్ చేసిన ప్రతిసారీ వచ్చే తిప్పుడు, కింద వేలాడే బరువు రెండూ అక్కడే పడతాయి. మీది రోజుకు నాలుగైదుసార్లు కరెంటు పోయి వచ్చే లైనైతే, ఆ మెలిక ఏడాదికి ఎన్నిసార్లో లెక్క వేసుకోండి.

అయస్కాంత పరీక్ష అక్కడ చేయవచ్చు గాని, నిజం చెప్పాలంటే మీకు దాని వల్ల లాభం తక్కువ. మర అంటేనే గాడి. ప్రతి గాడి దగ్గరా బలరేఖలు ఉబుకుతాయి, రజను ప్రతి చుట్టులో పోగవుతుంది. అసలు పగులు ఏదో, మామూలు గాడి ఏదో విడదీసి చెప్పాలంటే చేయి తిరిగిన మనిషి, మెరిసే రజను, అతినీలలోహిత దీపం, చీకటి గది కావాలి. ఇరవై అడుగుల పైపులు నలభై ఐదింటికి అది పొలం దగ్గర జరిగే పని కాదు.

దాని బదులు వందేళ్ల కిందటి రైల్వే వర్క్‌షాపుల పద్ధతి చెప్తాను. కిరసనాయిలు, సుద్ద. పైపులు పైకి తీసినప్పుడు మరలను వైరుబ్రష్‌తో మెరిసేదాకా రుద్దండి. చివర జానెడు మేర కిరసనాయిల్లో ఒక రాత్రి నాననివ్వండి. పొద్దున్నే పొడిగుడ్డతో తడి లేకుండా తుడిచి, సుద్దపొడిని స్పిరిట్‌లో కలిపి పలుచగా పూసి ఆరనివ్వండి. పగులు ఉంటే లోపలికి పీల్చుకున్న నూనె కొద్దిసేపట్లో మెల్లగా బయటికి ఊరి, తెల్లసుద్ద మీద తడిగీత పడుతుంది. చుట్టూ తిరిగే సన్నని తడిగీత కనిపిస్తే ఆ పైపును మళ్లీ దించకండి. కిరసనాయిలు దొరకకపోతే డీజిల్ వాడవచ్చు. నిప్పుకు దూరంగా, బీడీ ఆర్పేసి చేయండి.

ఇంకొకటి, పైపులను తూకం వేయండి. అదే కంపెనీ, అదే సైజు, అదే రకం కొత్త పైపు ఒకటి తూచి, మీ పాతవాటిని దాంతో పోల్చండి. తగ్గిన బరువంతా తుప్పు తినేసిన ఇనుమే. బాగా తగ్గినవి పక్కన పెట్టండి. మిగతా గోడ గట్టిగా ఉండి మర మాత్రమే పాడైతే, చివర కోయించి లేత్ మీద కొత్త మర వేయించుకోవచ్చు. మోటారుకు విడిగా నైలాన్ తాడు కట్టడం మాత్రం ఎప్పుడూ మానకండి. పైపు తెగిన రోజు ఆ తాడే మీ మోటారును నిలబెట్టేది.

తిరుపతి, తిరుచానూరు రోడ్డు నుంచి ఒక గృహిణి: "అలిపిరి తనిఖీలో మెటల్ డిటెక్టర్ గుండా పోయినప్పుడు కూతపెడుతుంది. బంగారం, ఇత్తడి అయస్కాంతానికి అంటుకోవు కదా, మరి వాటికి ఎలా తెలుస్తుంది? మీ పరికరాలూ అవేనా?"

అవునమ్మా, దగ్గరి చుట్టాలే. ఇంటి ఇండక్షన్ స్టవ్ కూడా ఆ కుటుంబమే.

తీగచుట్టలో అటూ ఇటూ మారే కరెంటు పంపితే చుట్టూ మారే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. దాని దగ్గరికి ఏ లోహం వచ్చినా, అంటుకునేదైనా కాకపోయినా, లోహంలో సుడులు తిరిగే కరెంటు పుడుతుంది. ఏటి నీళ్లలో సుడిగుండాలు ఉంటాయే, అలాంటివి. అందుకే ఎడ్డీ కరెంటు అని పేరు. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రం ఇది. ఆ సుడులు తమ సొంత క్షేత్రంతో తీగచుట్టను ఎదిరిస్తాయి. చుట్టలో కరెంటు మారుతుంది, కూత వస్తుంది. స్టవ్‌లోనైతే ఆ సుడుల వేడే అన్నం ఉడికిస్తుంది. మీ అబ్బాయికి చూపించాలంటే, ఏసీ మెకానిక్ దగ్గర రాగి గొట్టం ముక్క ఒకటి, దానిలో సరిగ్గా పట్టే చిన్న నియోడైమియం అయస్కాంతం ఒకటి తెప్పించండి. రాగికి అయస్కాంతం అంటుకోదు. కానీ గొట్టంలో వదిలితే అది తేనెలో పడ్డట్టు నెమ్మదిగా దిగుతుంది.

మా పనిలో తీగచుట్ట పెన్ను మొనంత ఉంటుంది. లోహం మీద జరుపుకుంటూ పోతే సుడులు దాని వెంట నడుస్తాయి. పగులు దగ్గర సుడి చుట్టు తిరిగి పోవాలి. ఆ తేడా తెర మీద చుక్క కదలికగా కనిపిస్తుంది. పెయింటు తీయక్కరలేదు, నీళ్లు అక్కరలేదు. విమానాల అల్యూమినియం రేకులను, ఆవిరిని చల్లబరిచి నీళ్లుగా మార్చే కండెన్సర్ల ఇత్తడి గొట్టాలను ఇలాగే చూస్తారు. కాకపోతే సుడులు లోతుకు పోవు. రాగిలో 50 హెర్ట్జ్ కరెంటు, అంటే సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగేది, దాదాపు 9 మిల్లీమీటర్ల దాకా దిగుతుంది, 10 వేల హెర్ట్జ్ అయితే మిల్లీమీటరులో మూడింట రెండు వంతులే. ఇనుములో ఇంకా తక్కువ.

ఒక ఫ్యాక్టరీలో కండెన్సర్ గొట్టాలు చూస్తున్నప్పుడు జరిగింది చెప్పాలి. గొట్టాలను మధ్యలో ఉక్కు పలకలు పట్టి ఉంచుతాయి. గొట్టం అరిగేది సరిగ్గా ఆ పలకకు రాసుకునే చోటే. కానీ ప్రోబు అక్కడికి రాగానే పలక ఉక్కు పెద్ద సంకేతం ఇచ్చి అరుగుదలను కప్పేస్తుంది. రెండు వేర్వేరు ఫ్రీక్వెన్సీలతో చూసి, పలక సంకేతాన్ని లెక్కగట్టి తీసేస్తేనే అరుగుదల బయటపడుతుంది. అక్కడి మేనేజరుకు పని తొందరగా కావాలి, ఒకే ఫ్రీక్వెన్సీతో లాగేయమన్నాడు. ఒప్పుకోలేదు, రెండు రోజులు ఎక్కువ తీసుకున్నాం. నాకు ఆ రెండు రోజుల టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. పలకల కింద పదకొండు గొట్టాలు సగానికి పైగా అరిగి ఉన్నాయి.

ఇదే సూత్రంతో 1881లో టెలిఫోను గ్రాహంబెల్ ఒక ప్రాణం కాపాడాలని చూశాడు. అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌కు తుపాకీ గుండు తగిలి ఒంట్లో ఉండిపోయింది. బెల్ తన యంత్రంతో వెతికాడు గాని దొరకలేదు. మంచంలో ఇనుప స్ప్రింగులు ఉన్నాయి, అవీ కూతపెట్టాయి. వైద్యుడు కుడివైపే వెతకనిచ్చాడు, గుండు ఎడమవైపు ఉంది. యంత్రం పనిచేసేదే. దాన్ని సరైన వైపు తిప్పనివ్వలేదు.

తిరుపతి, కొర్లగుంట నుంచి ఒక పాఠకుడు: "మా వీధిలో నీళ్ల పైపు లీకు కోసం ఒకే రోడ్డును మూడుసార్లు తవ్వారు. గ్యాస్ పైపుల్లో యంత్రాన్ని పంపి లోపాలు చూస్తారట. దాన్ని ఇక్కడ ఎందుకు వాడరు?"

ఆ యంత్రాన్ని ఇంగ్లీషులో పిగ్ అంటారు, అంటే పంది. గొట్టంలో పోతూ కీచుమని అరిచేది కాబట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు. గ్యాసో చమురో వెనక నుంచి తోస్తుంటే అది లోపల వందల కిలోమీటర్లు పోతుంది. నడుముకు బలమైన అయస్కాంతాలు, వాటి మధ్య చుట్టూ వందల సెన్సర్లు. గొట్టం గోడను అయస్కాంతంతో నిండా నింపేస్తుంది. తుప్పు తిని పలుచబడ్డ చోట బలరేఖలకు చోటు చాలక లోపలికి ఉబుకుతాయి, సెన్సర్లు రాసుకుంటాయి. చిత్తూరు అబ్బాయికి చెప్పిన రజను సంగతే, రజను బదులు సెన్సరు. 1960ల నుంచి ఉన్న పద్ధతి. మామూలు రకం పంది గొట్టం పొడుగునా బలరేఖలు పంపుతుంది కాబట్టి, పొడుగునా ఉన్న సన్నని పగులు దానికి దొరకదు. దానికోసం బలరేఖలను చుట్టూ తిప్పే వేరే రకం పంపాలి. నా ఏడో కొక్కెమే మళ్లీ.

2014 జూన్ 27న అప్పటి తూర్పుగోదావరి జిల్లాలోని నగరం అనే ఊళ్లో గ్యాస్ గొట్టం పగిలి, తెల్లవారుజామున నిద్రలో ఉన్నవాళ్లు ఇరవై మందికి పైగా కాలిపోయారు. లోపలి తుప్పు తిన్న గొట్టం అది. పెద్ద గొట్టాలకు ఈ తనిఖీ వేళకు జరగాలని నేను గొంతెత్తి అడిగేది అందుకే.

మీ వీధికి వస్తే, పంది పోవాలంటే గొట్టం ఒకే వ్యాసంలో సాగాలి, పంపే చోటు, దింపే చోటు కట్టి ఉండాలి. ఊరి నీళ్ల లైనులో పాత పోత ఇనుము కొంత, లోపల సిమెంటు పూసిన కొత్త డీఐ (డక్టైల్ ఐరన్, తేలిగ్గా పగలని పోత ఇనుము) పైపు కొంత, మధ్యలో పీవీసీ, ప్రతి మూలకూ వాల్వు. ప్లాస్టిక్‌కు అయస్కాంతమే తెలియదు. అక్కడ లీకు పట్టేది శబ్దమే. రాత్రి రెండు గంటలకు వీధి నిద్రపోయాక, వాల్వు మీద వినికిడి కడ్డీ పెట్టి వింటే నీళ్లు చిమ్మే సుయ్‌మన్న చప్పుడు తెలుస్తుంది. అయితే ఇనుప పైపు ఎక్కడ పోతోందో తెలియకుండా తవ్వే తిప్పలు తప్పించడానికి విద్యుదయస్కాంత పరికరం ఉంది. పైపులోకి సన్నని కరెంటు సంకేతం పంపి, పైన రోడ్డు మీద తీగచుట్టతో దాన్ని వెతుక్కుంటూ నడిస్తే దారి, లోతు రెండూ వస్తాయి. మూడుసార్లు తవ్విన ఖర్చుకన్నా ఒకసారి అది అద్దెకు తేవడం మేలు. మీ వార్డు సమావేశంలో అడగండి.

మదనపల్లె నుంచి ఒక తండ్రి: "మా అమ్మాయి మెకానికల్ డిప్లొమా. ఈ తనిఖీ పని నేర్చుకుంటానంటోంది. ఆడపిల్లకు కుదురుతుందా?"

కుదురుతుంది, పంపండి. మా సంస్థలో నా తర్వాత ఎడ్డీ కరెంటు బల్ల మీద కూర్చున్నది పులిచెర్ల అమ్మాయి. నాకన్నా ఓపిక ఎక్కువ. ఈ పనిలో లెవెల్ వన్, టూ, త్రీ అని అర్హతలు ఉంటాయి. ఇండియన్ సొసైటీ ఫర్ నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్ (వస్తువును పాడుచేయకుండా తనిఖీ చేయడం) వాళ్లు కోర్సులు, పరీక్షలు పెడతారు. ఒక పద్ధతికి ఒక సర్టిఫికెట్. శబ్దం నేర్చుకుంటే రజను వచ్చినట్టు కాదు. ముందు లెవెల్ టూ వరకు రెండు పద్ధతులు చేయమనండి. కళ్ల పరీక్ష ఏటా ఉంటుంది, దగ్గరి చూపు బాగుండాలి. డ్యూటీ ఎండలోనూ, రాత్రుళ్లూ ఉంటుంది, ఆ సంగతి దాచకుండా చెప్తున్నాను.

రేణిగుంట నుంచి ఎనిమిదో తరగతి బాబు: "పట్టాకు చెవి ఆనిస్తే పగులు తెలుస్తుందా? నేను పగిలిన పట్టా చూస్తే ఏం చేయాలి?"

తెలియదు బాబూ, ఎప్పుడూ చెవి ఆనించవద్దు. ఇప్పటి రైళ్లు ఎంత దగ్గరికి వచ్చినా చప్పుడు తెలియనంత మెత్తగా వస్తాయి. పట్టా మీదికి పోవద్దు, కట్ట దిగువనే ఉండు. విరిగిన పట్టా నిజంగా కనిపిస్తే దగ్గరలో ఉన్న గేటు మనిషికో స్టేషన్ మాస్టరుకో చెప్పు. ఎవరూ లేకపోతే పెద్దవాళ్ల ఫోను తీసుకుని 139కి చేయి. "రేణిగుంట దగ్గర" అంటే వాళ్లకు చాలదు. కట్ట వెంట కరెంటు తీగలు మోసే ఇనుప స్తంభాలు ఉంటాయి కదా, ప్రతి స్తంభం మీదా కిలోమీటరు, పక్కన ఇంకో అంకె రాసి ఉంటాయి. పగులుకు దగ్గరగా ఉన్న స్తంభం మీది ఆ రెండు అంకెలు కట్ట కింది నుంచే చూసి, తప్పు లేకుండా చదివి వినిపించు.